గిమ్లిన్ పేరు ఎందుకు ఎగ్గొట్టారు?

ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి. ఒక పెద్ద తెలుగు మిస్టరీ ఛానల్‌లో బిగ్‌ఫుట్ మీద, అదే ఉత్తర అమెరికా అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే పెద్ద పాదాల కోతిమనిషి మీద, కొత్త వీడియో వచ్చింది. ఛానల్ పేరు చెప్పను, మీలో సగం మంది సబ్‌స్క్రైబర్లే. మొత్తం చరిత్రని అందులో రెండు ముక్కల్లో తేల్చేశారు. రే వాలెస్ అనే ఒకాయన చెక్కతో పాదాలు చేయించి లోకాన్ని మోసం చేశాడట, రోజర్ ప్యాటర్సన్ అనే ఇంకొకాయన అడవిలోకి ఒంటరిగా వెళ్ళి దాన్ని ఫిల్మ్ తీసుకొచ్చాడట. ఒంటరిగా! పక్కన బాబ్ గిమ్లిన్ ఉన్నాడు కదా! కింద కామెంట్‌లో మర్యాదగానే రాశాను, పేర్లతో, సంవత్సరాలతో సహా. కాసేపయ్యాక చూస్తే నా కామెంటే లేదు. "నైస్ వీడియో అన్నా" అన్న కామెంట్‌కి మాత్రం గుండె గుర్తు ఉంది.

సరే, ముందు ఆ వాలెస్ సంగతి. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ అనే చోట అడవిలో రోడ్డు వేస్తున్నారు. కాంట్రాక్టు వాలెస్‌ది. ఆ పనిలో బుల్డోజర్ నడిపే జెర్రీ క్రూ తన బండి చుట్టూ 16 అంగుళాల పాదముద్రలు చూశాడు. చూసి ఊరికే ఉండిపోలేదు, ప్లాస్టర్‌తో అచ్చు తీశాడు. ఆ అచ్చు పట్టుకుని నిలబడ్డ అతని ఫోటోని అక్టోబర్‌లో హంబోల్ట్ టైమ్స్ పేపర్‌లో ఆండ్రూ గెంజోలి వేశాడు, వార్త దేశమంతా పాకింది, బిగ్‌ఫుట్ అన్న పేరు స్థిరపడిపోయింది. మరి అచ్చు ఎలా తీయాలో క్రూకి నేర్పింది ఎవరు? బాబ్ టిట్మస్. చచ్చిన జంతువుల తోలు కూరి బతికున్నట్టు నిలబెట్టే పనివాడు, జంతువు పాదం అంటే ఏమిటో వేళ్ళతో తెలిసినవాడు. ఆయన పేరు వీడియోలో ఒక్కసారి కూడా రాలేదు.

వాలెస్ 2002 నవంబర్‌లో పోయాక వాళ్ళ కుటుంబం చెక్క పాదాలు బయటికి తీసి, అదంతా మా నాన్న చేసిన తమాషా అని చెప్పింది. పేపర్లన్నీ బిగ్‌ఫుట్ చచ్చిపోయిందని రాసేశాయి. మన ఛానల్ వాళ్ళు దాన్నే తెలుగులో చదివారు. అయ్యా, వాలెస్ కోతలు కోసే మనిషని ఈ రంగంలో ఉన్నవాళ్ళకి ముందు నుంచీ తెలుసు. బిగ్‌ఫుట్‌ని పట్టేశానని చెప్పి, ఈ వెతుకులాటకి డబ్బు పెట్టిన టెక్సాస్ చమురు కోటీశ్వరుడు టామ్ స్లిక్‌కే అమ్మజూపాడు, చూపించమంటే చూపించలేదు. చెక్క పాదాలు చేశాడంటే చేసి ఉండవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చెహాలిస్ రిజర్వ్‌లో పనిచేసిన టీచర్ జె. డబ్ల్యూ. బర్న్స్ అక్కడి ఆదివాసులు చెప్పిన సాస్క్వాచ్ (బిగ్‌ఫుట్‌కి కెనడాలో పేరు) కథలని మెక్లీన్స్ పత్రికలో రాసింది 1929లో. ఆ కథలు వాళ్ళకి అంతకు ముందు ఎన్ని తరాలవో! వాటికీ వాలెస్ చెక్క పాదాలే కారణమా? ఒక్క మనిషిని విలన్‌ని చేసేస్తే పన్నెండు నిమిషాల్లో వీడియో అయిపోతుంది, అందుకే అలా చేస్తారు.

నిజానికి ఈ కథలో వాలెస్ కన్నా వెయ్యి రెట్లు పెద్ద మనుషులు నలుగురున్నారు. జాన్ గ్రీన్, రెనే డాహిండెన్, పీటర్ బర్న్, గ్రోవర్ క్రాంట్జ్. ఇంగ్లీషులో వీళ్ళని నలుగురు గుర్రపు రౌతులు అంటారు. వినడానికి బాగుంది, పక్కపక్కనే కలిసి స్వారీ చేశారేమో అనిపిస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చారు వాళ్ళు. ఏ వీడియో చేసినా ఈ సంగతి చెప్పకుండా ఎలా చేస్తారండీ? ఆ జంతువు ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, దాన్ని వెతికిన మనుషులైతే నిజంగా ఉన్నారు కదా, వాళ్ళ కథ చెప్పడానికి ఏం రోగం?

గ్రీన్ జర్నలిజం చదివినవాడు, బ్రిటిష్ కొలంబియాలోనే హారిసన్ అనే ఊరి దగ్గర చిన్న పేపర్ నడిపాడు. 1958లో బ్లఫ్ క్రీక్ వార్త చూసి అక్కడికి వెళ్ళి తన కళ్ళతో చూసుకున్నాడు. తర్వాత జీవితమంతా చూశామన్నవాళ్ళ మాటలు రాసి, వర్గీకరించి దాచాడు, 3,000కు పైగా రిపోర్టులు. 1884లో జాకో అనే చిన్న కోతిమనిషిని పట్టుకున్నారని పాత పేపర్‌లో వచ్చిన కథ ఉంది, ఈ రంగంలో అందరికీ ప్రాణం అది. గ్రీనే అప్పటి మిగతా పేపర్లు తిరగేసి అది నిలబడదని బయటపెట్టాడు. తన వాదానికి దెబ్బ అని తెలిసీ చేశాడు. నమ్మేవాళ్ళంతా వెర్రివాళ్ళని వెక్కిరించే యాంకర్లు ఆ నిజాయితీలో పావు వంతు చూపించినా చాలు.

డాహిండెన్ స్విట్జర్లాండ్ నుంచి 1953లో కెనడా వచ్చాడు, డెయిరీ ఫారంలో పనిచేస్తుండగా సాస్క్వాచ్ గురించి విన్నాడు, ఇక ఆ జీవితం దానికే. సంసారం పోయింది. వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లో తుపాకీ క్లబ్ స్థలంలోనే ఉంటూ, అక్కడ కాల్చిన సీసపు గుండ్లు నేలలోంచి ఏరి, అమ్ముకుని బతికాడు. ఒక్కసారి ఊహించండి, బురదలో వంగి సీసం ఏరడం, ఆ డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని అడవికి పోవడం. ప్యాటర్సన్ ఫిల్మ్‌ని అమెరికాలో శాస్త్రవేత్తలు సరిగ్గా చూడమంటే చూడకపోతే 1971లో లండన్‌కీ మాస్కోకీ మోసుకెళ్ళి చూపించింది ఈయనే. నోరు మహా చెడ్డది, ఎవరినీ వదల్లేదు. కానీ అడ్డమైనవాళ్ళూ అబద్ధాలు చెప్తుంటే నోరు పారేసుకోక ఏం చేస్తాడు?

ఆయన నోటికి ఎక్కువగా బలైంది పీటర్ బర్న్. ఇక్కడ నేను మొహమాటం లేకుండా డాహిండెన్ పక్షం. బర్న్ డబ్లిన్‌లో పుట్టి, యుద్ధంలో వైమానిక దళంలో చేసి, ఉత్తర బెంగాల్ టీ తోటల్లో ఉద్యోగం చేసి, నేపాల్‌లో దొరలకి వేట చూపించిన మనిషి. ఇందాక చెప్పిన టామ్ స్లిక్ డబ్బుతో 1950లలో హిమాలయాల్లో యతి అనే మంచు మనిషి కోసం తిరిగాడు. తర్వాత అదే స్లిక్ డబ్బుతో బిగ్‌ఫుట్ కోసం కాలిఫోర్నియా వచ్చాడు. అప్పటికే బ్లఫ్ క్రీక్ చెట్లూ పుట్టలూ ఎరిగిన గ్రీన్, డాహిండెన్, టిట్మస్ ఉండగా, వెతుకులాట పెత్తనం ఈయన చేతికి వచ్చింది. అక్కడ రాజుకున్న మంట 1962లో స్లిక్ విమాన ప్రమాదంలో పోయి డబ్బు ఆగిపోయినా ఆరలేదు. ఏళ్ళ తరబడి అడవిలో తిరిగినవాడు ఒకడు, దొర దగ్గర చక్కగా మాట్లాడగలిగినవాడు ఇంకొకడు. కుర్చీ ఎవరికి వస్తుందో మనకి చెప్పాలా?

పైగా పాంగ్‌బోచె సంగతి. ఎవరెస్టు దారిలో ఉన్న ఆ బౌద్ధ మఠంలో యతి చెయ్యి అని ఒకటి భద్రంగా దాచుకున్నారు. 1959లో బర్న్ అందులోంచి వేలు తీసుకుని, ఆ స్థానంలో మనిషి వేలు పెట్టాడు. ఎవరో మోపిన నేరం కాదు ఇది, తనే చెప్పుకున్నాడు. ఆ వేలిని కలకత్తా నుంచి లండన్‌కి హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టీవర్ట్, ఆయన భార్య తమ సామాన్లలో దాటించారు. దీన్ని ప్రతి వీడియోలోనూ భలే సాహసం లాగా చెప్తారు! మన తిరుపతిలోనో శ్రీశైలంలోనో గర్భగుడిలోంచి ఎవడైనా ఏదైనా మార్చి పట్టుకుపోతే సాహసం అంటామా? చివరికి 2011లో డీఎన్ఏ పరీక్ష చేస్తే అది మనిషి వేలే అని తేలింది. పెద్దమనిషి, జెంటిల్‌మన్ అన్న బిరుదులు మాత్రం బర్న్ దగ్గరే ఉండిపోయాయి.

బాస్‌బర్గ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాషింగ్టన్ రాష్ట్రంలో చిన్న ఊరు, 1969 చివర్లో అక్కడ మంచులో పాదముద్రలు దొరికాయి, కుడి పాదం వంకరపోయినట్టు. డాహిండెన్ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు, 1,089. మంచులో వంగి వెయ్యికి పైగా లెక్కపెట్టిన ఓపిక అది. ఆ వార్తతో అందరూ ఊరి మీద పడ్డారు. ఒకరి వెనక ఒకరు తిరగడం, రహస్యాలు, ఎవరికి ముందు దొరుకుతుందోనన్న టెన్షన్. సాస్క్వాచ్ నా దగ్గర ఉందని గనులు వెతుక్కునే ఒకాయన చెప్తే దానికి వేలంపాట కూడా పాడారు, ఏమీ లేదని తేలింది. ఇంతకీ ఆ ముద్రలు దొరికినప్పటి నుంచీ అక్కడ అన్నింటిలోనూ ఉన్నది ఐవన్ మార్క్స్ అనే వేటగాడు. 1970లో ఆ కుంటి బిగ్‌ఫుట్‌నే ఫిల్మ్ తీశానన్నాడు. తీశానన్న చోటు వేరు, తీసిన చోటు వేరు అని బయటపెట్టింది ఎవరో తెలుసా? బర్నే. నేను తిట్టినంత మాత్రాన ఆ ఘనత ఆయనకి లేకుండా చేయను. పేరు ఎవరిదైతే వాళ్ళకే ఇవ్వాలి, నా గొడవంతా అదే.

అదే వంకర పాదం అచ్చు చూసి క్రాంట్జ్ నమ్మాడు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్, ఎముకల మనిషి. ఆ పాదంలో ఎముకలు ఎలా ఉండి ఉంటాయో గీసి చూపించి, ఇంత శరీర నిర్మాణం తెలిసి ఎవడూ దొంగ ముద్ర చేయలేడన్నాడు. 1982లో అటవీ శాఖలో పనిచేసే పాల్ ఫ్రీమన్ తెచ్చిన అచ్చుల మీద వేలిముద్రల్లాంటి గీతలున్నాయని వాటి కోసం పరువంతా పణంగా పెట్టాడు. ఆ ఫ్రీమన్‌ని డాహిండెన్ ససేమిరా నమ్మలేదు, ప్రొఫెసర్‌ని పట్టుకుని అందరి ముందూ ఏకిపారేశాడు. ఇటు వీళ్ళ తిట్లు, అటు యూనివర్సిటీలో ప్రమోషన్లు ఆలస్యం, తోటి ప్రొఫెసర్ల చిన్నచూపు. ఒకదాన్ని కాల్చి శవం తెస్తే తప్ప సైన్స్ ఒప్పుకోదని క్రాంట్జ్ అంటే, గ్రీన్ అవునన్నాడు, బర్న్ చంపడానికి వీల్లేదన్నాడు. కనబడని జంతువుని చంపాలా వద్దా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు! క్రాంట్జ్ 2002లో పోతూ తన ఒంటిని సైన్స్‌కి రాసిచ్చాడు. ఆయన ఎముకలు, ప్రాణంగా పెంచుకున్న కుక్క క్లైడ్ ఎముకలు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. బతికుండగా చులకన చేసిన లోకమే ఆ అస్థిపంజరం ముందు నిలబడి ఫోటోలు తీసుకుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కాల్చేస్తున్న విషయానికొస్తాను. బాబ్ గిమ్లిన్.

1967 అక్టోబర్ 20. బ్లఫ్ క్రీక్‌లో ఇద్దరు గుర్రాల మీద వెళ్తున్నారు. ఇద్దరు! వాగు పక్కన ఆ ఆకారం కనబడగానే గుర్రాలు బెదిరిపోయాయి. ప్యాటర్సన్ గుర్రం దిగి కెమెరా లాక్కుని పరిగెత్తాడు. గిమ్లిన్ గుర్రాన్ని అదుపులో పెట్టుకుని వాగు దాటించి, దిగి, రైఫిల్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అది తిరగబడితే తన స్నేహితుడిని కాపాడాలి, తిరగబడకపోతే కాల్చకూడదు, అదీ వాళ్ళ ఒప్పందం. వెనక ఆ మనిషి తుపాకీతో ఉన్నాడన్న ధైర్యంతోనే కదా ప్యాటర్సన్ ముందుకు ఉరికింది? నిమిషం కూడా లేని ఆ ఫిల్మ్‌లో గిమ్లిన్ కనబడడు. కనబడడు కాబట్టి లేడు అనేస్తారా?

ప్యాటర్సన్, ఆయన బావమరిది ఆల్ డీయాట్లీ ఆ ఫిల్మ్ పట్టుకుని ఊరూరా హాళ్ళు తీసుకుని టికెట్లు అమ్మి చూపించారు. గిమ్లిన్‌కి ఏం ముట్టింది? అదే ఏడాది వసంతంలో ప్యాటర్సన్ తీయబోయిన డాక్యుమెంటరీలో ఆదివాసి గైడ్ వేషం వేయమంటే తలకి విగ్గు పెట్టుకుని మరీ వేశాడు, అంత స్నేహం. 1972లో ప్యాటర్సన్ క్యాన్సర్‌తో పోయాడు. ఫిల్మ్ హక్కుల కోసం గిమ్లిన్ కోర్టుకి ఎక్కాల్సి వచ్చింది, ఆయనకి డాహిండెన్ అండగా నిలబడ్డాడు, గిమ్లిన్ వాటా చివరికి డాహిండెన్ చేతికే వెళ్ళింది. ఊళ్ళో వెక్కిరింతలు పడలేక గిమ్లిన్ దశాబ్దాలు నోరు మూసుకుని గుర్రాల పని చేసుకున్నాడు. మళ్ళీ జనంలోకి వచ్చింది 2000 దాటాకే.

నాకు ఇది ఎందుకింత మంట అంటే, ఇలాంటివి నేను ఉద్యోగంలో కళ్ళారా చూశాను. రాత్రంతా కూర్చుని పని చేసిన కుర్రాడి పేరు లేకుండా పొద్దున్నే మీటింగులో స్లైడ్లు వేసి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళని చూశాను. అడిగితే "టీమ్ వర్క్ కదా" అంటారు. టీమ్ అయితే పేర్లు కూడా టీమ్‌గానే వేయండి. ఆ ఫిల్మ్‌కి ప్యాటర్సన్-గిమ్లిన్ ఫిల్మ్ అని రెండు పేర్లూ కలిపి ఎప్పుడో పెట్టారు. అందులో రెండోది చదవడానికి మీకు ఎంత సేపు పడుతుంది?

టిట్మస్‌కైతే ఆ సగం పేరు కూడా దక్కలేదు. ఫిల్మ్ తీసిన తొమ్మిది రోజులకి అదే చోటికి వెళ్ళి, ఇంకా మిగిలున్న అడుగుజాడలకి వరసగా పది అచ్చులు తీశాడు. మరుసటి ఏడాది గ్రీన్ అక్కడికే వెళ్ళి, ఎత్తు పోల్చడానికి ఆరడుగుల అయిదంగుళాల జిమ్ మెక్‌లారిన్‌ని అదే దారిలో నడిపించి ఫిల్మ్ తీశాడు. ఫిల్మ్ నిజమన్నవాళ్ళూ అబద్ధమన్నవాళ్ళూ ఇప్పటికీ కొట్టుకునేది ఈ అచ్చులతో, ఈ కొలతలతోనే. టిట్మస్ 1997లో పోయాడు, డాహిండెన్ 2001లో, గ్రీన్ 2016లో. బర్న్ 2023 దాకా బతికి, అందరి తర్వాతా ఇంటర్వ్యూలు ఇచ్చాడు. కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ముందు దొరికేది ఆయన చెప్పిన కథే. టిట్మస్ కథ కావాలంటే గ్రీన్ రాసినవి తెరిచి చదవాలి, వ్యూస్ కోసం పరిగెత్తేవాళ్ళు ఆ పని చేయరు.