గుడారవాసుల పక్షాన ఒక విన్నపం

పాప్ కచేరీకి నెలల ముందే స్టేడియం గోడ పక్కన గుడారం వేసుకునే అభిమానులను చూసి లోకం నవ్వుతోంది. ఈ నవ్వును తీవ్రంగా ఖండిస్తున్నాను. 2023 నవంబరులో అమెరికన్ పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో పాడవలసి ఉండగా, ఐదు నెలల ముందే అక్కడ గుడారాలు లేచాయి. అభిమానులు వంతులు వేసుకున్నారు. ఎవరు ఎన్ని గంటలు కాపలా ఉన్నారో లెక్క రాసుకున్నారు. ఎక్కువ గంటలు పడిగాపులు పడ్డవారికి వరుసలో ముందు చోటు. ఇంత పకడ్బందీగా ఐదు నెలలు నడిచిన ప్రభుత్వ పథకం ఒక్కటి చూపించండి, అప్పుడు కలిసి నవ్వుదాం.

టికెట్ ఉంది కదా, ఇంకా ఈ అవస్థ ఎందుకని అమాయకులు అడుగుతారు. టికెట్ మనిషిని మైదానంలోకి మాత్రమే పంపుతుంది. వేదిక ముందున్న బారికేడ్ పట్టుకుని నిలబడే యోగం గుడారం వల్లనే సిద్ధిస్తుంది. నాలుగడుగులు వెనక పడితే ముందువారి ఎత్తిన ఫోను తప్ప ఏమీ కనిపించదు.

ఇక హాజరు సంగతి. గుడారాల దగ్గర చేతి మీద మార్కర్‌తో నంబరు వేస్తారు. ఏ అర్ధరాత్రో ఒక పెద్దమ్మాయి చీటీ పట్టుకుని పిలుపు మొదలుపెడుతుంది. పద్నాలుగు పలికింది, పదిహేను పలికింది, పదహారు పలకలేదు. పదహారు మరుగుదొడ్డికి వెళ్లిందని స్నేహితురాలు కళ్లనీళ్లతో విన్నవించుకుంటుంది. పేరు కొట్టేస్తారు. పై కోర్టు లేదు. మిగిలినవాళ్లు ఆ అంకె చెరగకుండా ఒక చేయి పైకెత్తి స్నానం చేస్తారు, అసలు చేస్తే.

ఇదంతా ఈ తరం పైత్యమని పెద్దలు పెదవి విరుస్తారు. 1840లలో పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ తెంచిన పియానో తీగలను కంకణాలుగా ధరించిన మహిళలు ఏ తరం వారో వారే చెప్పాలి. 1965లో న్యూయార్క్ షియా స్టేడియంలో 55 వేల మందికి పైగా ఒక్కసారిగా కేకలు వేస్తే బీటిల్స్ బృందం పాట బీటిల్స్‌కే వినిపించలేదు. మరుసటి ఏడాది వాళ్లు కచేరీ యాత్రలే మానేశారు. పాట వినడానికి వచ్చామని అభిమానులు మాత్రం ఎప్పుడన్నారు?

అభిమానుల రక్షణ శాఖ గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆల్బమ్ బాగుంది కానీ కాస్త సాగదీశారని ఎవరైనా రాస్తే, తెల్లవారేలోపు ఆ విమర్శకుడి పాత రాతలు, పాత ఫొటోలు తవ్వి బయట పోస్తారు. 2024లో పేస్ట్ అనే అమెరికన్ సంగీత పత్రిక స్విఫ్ట్ ఆల్బమ్ సమీక్షను రాసినవారి పేరు లేకుండానే ప్రచురించింది. 2019లో ఆమె ఆల్బమ్‌నే సమీక్షించిన వ్యక్తికి దాడి బెదిరింపులు వచ్చాయని కారణం చెప్పింది. విమర్శకులను కీర్తి కాంక్ష నుంచి విముక్తి చేయడం మహర్షులకే సాధ్యం కాలేదు. అభిమానులు ఐదేళ్లలో సాధించారు.

ఇంత మహత్తర వ్యవస్థకు ఒకే ఒక్క లోటు. అభిమానులు రాసుకున్న జాబితాను చాలా చోట్ల నిర్వాహకులు గుర్తించరు. గేటు తెరుచుకున్న క్షణాన నెలల తరబడి కాపాడుకున్న అంకెను నంబరు ఒకటి గర్వంగా చూపిస్తే, కాపలాదారు ఓసారి చేతివంక చూసి, "మరక తర్వాత కడుక్కోవచ్చు, ముందు సంచీ తెరవమ్మా" అంటాడు. ఈలోగా నంబరు నాలుగు వందలు పక్క గేటులోంచి పరుగెత్తి బారికేడ్ పట్టుకుంటుంది.