పాజిటివ్ అంటే జబ్బు ఇప్పుడూ ఉన్నట్టేనా?

దీర్ఘకాలిక జబ్బుల వెనక ఉన్న ఇన్ఫెక్షన్లను పట్టే పరీక్షలు మెరుగుపడాలన్న మీ వ్యాసం చాలా అవసరమైనది. కానీ ఉన్న పరీక్షల్నే మనం సరిగ్గా వాడటం లేదు. అల్సర్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను కనుగొన్నందుకు శాస్త్రవేత్తలు మార్షల్, వారెన్‌లకు 2005లోనే నోబెల్ వచ్చింది. ఇక్కడ గాజువాకలో మా నాన్నగారు మాత్రం ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర మింగుతూనే ఉన్నారు. చివరికి ఓ ల్యాబ్‌లో రక్తపరీక్ష చేసి, ఈ బ్యాక్టీరియాతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు పాజిటివ్ అన్నారు. మందుల కోర్సు అయ్యాక మళ్లీ అదే పరీక్ష, మళ్లీ పాజిటివ్! ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. బ్యాక్టీరియా పోయినా యాంటీబాడీలు చాలాకాలం రక్తంలో ఉండిపోతాయని ఒక్కరూ చెప్పలేదు. తగ్గిందో లేదో తేలాలంటే శ్వాస పరీక్షో, మలంలో యాంటిజెన్ (బ్యాక్టీరియా సొంత పదార్థం) పరీక్షో చేయించాలి. అదీ కోర్సు ముగిసిన కనీసం 4 వారాలకు, డాక్టరుని అడిగి పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు 2 వారాలు ఆపాక. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా నెగెటివ్ రావచ్చు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి విషయంలోనూ అంతే, యాంటీబాడీలు కాదు, వైరస్ ఇప్పుడు ఉందో లేదో దాని జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెబుతుంది. కొత్త కిట్లు రావాలి, నిజమే. ఈలోగా విశాఖలోని ల్యాబులన్నీ రిపోర్టు కింద ఈ నాలుగు ముక్కలూ తెలుగులో అచ్చువేయాలి.