డగౌట్ బెంచీ గారికి ఒక రిజర్వు గోల్‌కీపర్ విన్నపం

మైదానం అంచున రిజర్వు ఆటగాళ్లను మోసే మహారాజశ్రీ డగౌట్ బెంచీ గారి సముఖమునకు,

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్ నుంచి ఒక రిజర్వు ఫుట్‌బాల్ గోల్‌కీపర్ నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. అంటే, మీరు కుశలమే. శనివారం మీ మీద తడిసిన నా ట్రాక్‌ప్యాంటు మాత్రం ఇంకా ఆరలేదు.

రెండో అర్ధభాగం నీదేనని మా కోచ్ మాట ఇచ్చింది మీ సమక్షంలోనే కనుక సాక్ష్యం వేరే అక్కర్లేదు. ఆ మాట నమ్మి విరామంలోనే గ్లవ్స్ తొడిగి, పట్టీలు బిగించి, అరచేతులు తడుపుకుని కూర్చున్నాను. చివరి విజిల్ మోగాక ఆ పట్టీలు ఊడదీస్తే పర్రుమని వచ్చిన చప్పుడుకు పక్క సీటులోని కుర్రవాడు తలతిప్పి చూసి, జాలిపడి, మళ్లీ తల తిప్పుకున్నాడు. మేము 4-2 తేడాతో ఓడిపోయాము. నాలుగు గోల్స్ తిన్న మా మొదటి కీపర్‌ను ఎవరూ కదపలేదు.

ఆ 4-2 అంకె చూడగానే నాకు స్టాన్లీ మెంజో గుర్తుకు వచ్చాడు. తమరికి గుర్తున్నాడో లేదో.

సురినాం రాజధాని పారామారిబోలో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు ఆయాక్స్ గోల్ ముందు నిలబడిన మనిషి. గోల్‌కీపర్ అంటే గీత మీద కాపలాదారు కాదని, కాళ్లతో ఆట మొదలుపెట్టవలసిన పదకొండో ఆటగాడని ఆయాక్స్ కోచ్ యోహాన్ క్రైఫ్ పట్టుబట్టిన రోజుల్లో, ఆ పిచ్చి ఆలోచనను తన కాళ్ల మీద మోసినవాడు మెంజో. పెనాల్టీ ప్రాంతం దాటి ముందుకు వచ్చి, బంతిని డిఫెండర్ కాలికి అందించే ఈ విద్య నేడు పదేళ్ల పిల్లలకు కూడా నేర్పుతున్నారు కానీ, అప్పట్లో అది చూసే ప్రేక్షకులకు గుండె జారిపోయేది. ఆ గుండెదడతోనే ఆయాక్స్ యూరప్ క్లబ్బుల పోటీల్లో 1987లో కప్ విన్నర్స్ కప్పు, 1992లో యూఏఫా కప్పు గెలుచుకుంది.

1992 వేసవిలో నియమం మారింది. సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోరాదన్నారు. ప్రపంచంలోని కీపర్లందరూ కాళ్లు వెతుక్కుంటూ ఉంటే, ఏళ్ల తరబడి ఆ పనే చేస్తూ వచ్చిన మెంజోకు చట్టమే చుట్టమై వచ్చింది. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! ఎనిమిది నెలలు తిరగకుండానే, 1993 మార్చిలో, యూఏఫా కప్పు క్వార్టర్ ఫైనల్ తొలి మ్యాచ్‌లో ఫ్రెంచ్ క్లబ్బు ఒసేర్ చేతిలో ఆయాక్స్ 4-2 తేడాతో ఓడింది. మెంజో పొరపాట్లు చేశాడు, కాదనను. పూజారి, అంటే అప్పటి ఆయాక్స్ కోచ్ లూయిస్ వాన్ గాల్, ఆయనను మీ చేతికి అప్పగించి, 22 ఏళ్ల ఎడ్విన్ వాన్ డెర్ సార్‌ను గోల్‌లో నిలబెట్టాడు. మెంజో దున్నిన చేనులో రెండేళ్లకు, 1995లో, ఛాంపియన్స్ లీగ్ పంట పండింది. కోసుకున్న చేతులు వేరు.

చూడు బెంచీ, ఇక మర్యాదలు చాలు. ఫార్వర్డ్ నీ మీద కూర్చుంటే అరగంటకైనా లేస్తాడు. కీపర్ కూర్చుంటే ఎవరిదో మోకాలు చెడితే తప్ప లేవడు. నెమ్మదైన మనిషి చేత తోటివాడి మోకాలి మీద పాడు ఆలోచనలు చేయిస్తావు, ఇదేనా నీ ఘనత? 2014 ప్రపంచ కప్పులో కోస్టారికాతో నెదర్లాండ్స్ ఆట అదనపు సమయం చివరి క్షణాల్లో నువ్వు రిజర్వు కీపర్ టిమ్ క్రుల్‌ను పంపావు, అతను రెండు పెనాల్టీలు ఆపాడు, ఆ ఒక్క రాత్రిని చూపించి ఇప్పటికీ మాలాంటి వాళ్లకు ఆశలు అమ్ముకుంటున్నావు. నాలుగు రోజుల తర్వాత అర్జెంటీనాతో పెనాల్టీల షూటౌట్ జరుగుతుంటే అదే క్రుల్ కూరలో కరివేపాకులా నీ మీదే ఉన్నాడు. అప్పుడూ కోచ్ వాన్ గాలే. ఆటగాళ్లను మార్చే అవకాశాలు చేతిలో మిగల్లేదు.

మెంజో మాత్రం నీకు పూర్తిగా లొంగలేదు. 1997లో, 33 ఏళ్ల వయసులో, బెల్జియం క్లబ్బు లియర్స్ గోల్ ముందు నిలబడి ఆ దేశపు లీగ్ గెలిచాడు. ఆట మానేశాక ఏం చేశాడనుకున్నావు? కోచ్ అయ్యాడు. అంటే, తిరిగి తిరిగి నీ దగ్గరకే, ఈసారి యజమానిగా వచ్చాడు. డచ్ క్లబ్బు వోలెండంను 2008లో రెండో డివిజన్ విజేతగా నిలిపి పై లీగ్‌కు చేర్చాడు. ఆపైన కాంబూర్, లియర్స్ క్లబ్బులు, కేప్‌టౌన్, బీజింగ్, తాను పుట్టిన సురినాం జాతీయ జట్టు. ఇన్ని ఊళ్లలో నీ అన్నదమ్ముల దగ్గర నిలబడిన ఆ మనిషికి, చివరి సీటులో గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్న రిజర్వు కీపర్ ముఖంలోకి చూసిన ప్రతిసారీ ఏమనిపించి ఉంటుందో ఊహిస్తే, నీ మీద కోపం కాస్త తగ్గుతుంది. నాకు అలాంటి కోచ్ దొరకలేదు, అది నీ తప్పు కాదు.

వచ్చే శనివారం కూడా వస్తున్నాను. ఎడమ నుంచి మూడో సీటు పగులులో నీరు నిలుస్తోంది. పాత తువ్వాలు ఒకటి తెస్తాను, ముందు నిన్ను తుడిచి తర్వాత కూర్చుంటాను.

ఇట్లు,
గ్లవ్స్‌కు ఇంకా మట్టి అంటని
మీ గోల్‌కీపర్