చెక్కుబందీ గారికి ఒక మనవి

అయ్యా చెక్కుబందీ గారూ,

నమస్కారం. దస్తావేజులో స్థలానికి నాలుగు వైపులా హద్దులు చెప్పేది తమరే కదా. నిన్న పదకొండింటికి వస్తానన్న సర్వేయరు మూడున్నరకు వచ్చాడు. అంతసేపూ, తెనాలి దగ్గర పల్లెలో నేను కొనబోయే ఇంటి అరుగు మీద కూర్చుని మిమ్మల్నే చదువుకున్నాను. 1974 నాటి పాత దస్తావేజులో, అదే లింకు డాక్యుమెంటులో, తమరు ఇలా వెలిగారు: తూర్పు చింతచెట్టు, దక్షిణం పంచాయతీ బాట, పడమర పక్కవారి తాటాకిల్లు, ఉత్తరం మురుగు బోదె. ఈ మధ్య గల స్థలం నాలుగు సెంట్లు.

చింతచెట్టు లేదు. తాటాకిల్లు రెండంతస్తుల డాబా అయింది. బోదె మీద ఎవరిదో బండి పెట్టి ఉంది. బాట సిమెంటు రోడ్డయి, వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, ఇంటి గడప దానికంటే కిందికి దిగింది.

నాలుగు సెంట్లంటే 193.6 గజాలు. టేపు పడితే తేలింది 178. గజం 25 వేలు. నాలుగు లక్షలకు పదివేలు తక్కువ! "పాత స్థలాలు సార్, అటూ ఇటూ ఉంటాయి" అన్నాడు బ్రోకరు. యాభై ఏళ్లలో ఒక్క గజమైనా ఇటు వచ్చిందా?

మీ చుట్టాలనీ చూశాను. స్థలం లావాదేవీల చిట్టా అయిన ఈసీ గారు ఆన్‌లైన్లో 1983 నుంచే నోరు విప్పుతారు, అదీ రిజిస్టరైన సంగతులే. గోడ జరిగితే ఆయనకు సంబంధం లేదు. మేస్త్రి గోడ మీద రెండు దెబ్బలు కొట్టి "ఢోకా లేదండీ" అన్నాడు. కొత్త పెయింటు కింద చెమ్మ నా చేతికే తగిలింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? టేపు కంటే ముందు వాస్తు ఆయన్ని తీసుకొచ్చాను. ఆగ్నేయం భేషుగ్గా ఉందన్నాడు. ఎన్ని గజాలుందో నేనడగలేదు.

లాయరుగారు ఫోన్లో ఇంకో ముక్క చెప్పారు. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే మామూలుగా హద్దులకే విలువట. అంటే నాలుగు సెంట్లన్నది మర్యాదకు రాసిన మాట, పెత్తనం తమరిది. మరి ఆ హద్దును కొట్టి పొయ్యిలో పెట్టేస్తే?

తూర్పింటి మామ్మగారిని అడిగాను. "చింతచెట్టా నాయనా? నేను కాపరానికొచ్చిన కొత్తలో దాని కిందే అంట్లు తోమేదాన్ని" అంటూ నడిచి, ఒకచోట పాదం ఆనించి "ఇదిగో, ఇక్కడ" అంది. వాళ్ల బాత్రూం గుమ్మం అది. "అమ్మా, ఎండలో ఎందుకు, లోపలికి రా" అన్నాడు కొడుకు.

ఒక్క రాయి పాతితే ఏం పోయేదయ్యా? నాలుగు వైపులా ఎన్నెన్ని అడుగులో రాయడానికి సిరా కరువైందా? చెట్టు! ఎండితే కొట్టేస్తారని ఆ మాత్రం తెలీదా నీకు? తాటాకిల్లు కలకాలం తాటాకిల్లుగానే ఉంటుందనుకున్నావా?

క్షమించాలి. రెండు లక్షలు బయానా ఇచ్చినవాడి బాధ.

సాయంత్రం దస్తావేజు రాసేవాడి దగ్గరకెళ్ళి, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. "గజాలు మారుద్దాం గానీ, హద్దులు పాతవే ఉంచుదామండీ. లింకు తెగితే రేపు బ్యాంకు లోనుకు ఇబ్బంది" అన్నాడు. కాబట్టి వచ్చే గురువారం, తూర్పున చింతచెట్టు ఉన్నదని నేను సంతకం పెట్టబోతున్నాను. సాక్షి సంతకానికి తూర్పింటాయనే వస్తానన్నాడు.

ఇట్లు,
178 గజాల ఆసామి