లింకుల షీటు పంపితే డేటా ఇచ్చినట్టేనేటి?

ప్రాజెక్టు అప్పగించే రోజున ఒక ఎక్సెల్ ఫైలు మెయిల్ చేసి "డేటా అంతా ఇందులో ఉందండీ" అనేయడం మన విశాఖ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) వాళ్లలో చాలామందికి అలవాటైపోయింది. అందులో ఉండేది డేటా కాదు, వందల కొద్దీ లింకులు. అవతల కుర్రాడు ఒక్కో లింకూ నొక్కుతూ, దిగిన వరసకల్లా పచ్చరంగు పూసుకుంటూ కూర్చోవాలి. ఆ పచ్చరంగును నేను నమ్మను. ఏదో ఒక ఫైలు దిగిందని మాత్రమే అది చెబుతుంది.

అసలు రోగం షీటులోనే మొదలవుతుంది. సెల్‌లో "డౌన్‌లోడ్" అని కనిపిస్తుంది, లింకు దాని వెనక దాక్కుని ఉంటుంది. సీఎస్‌వీగా (ఒట్టి అక్షరాల పట్టికగా) సేవ్ చేస్తే ఆ మాట మిగులుతుంది, లింకు పోతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఎక్సెల్ ఫైళ్లు చదివే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో సెల్ తాలూకు హైపర్‌లింక్ టార్గెట్ చదివితే అసలు అడ్రసు వస్తుంది. హైపర్‌లింక్ ఫార్ములాతో పెట్టినవైతే అలా దొరకవు, ఫార్ములానే చదివి విడదీయాలి.

ఎత్తుల డేటా ఒక్కో డిగ్రీ చదరపు ముక్కలుగా (టైళ్లుగా) దొరుకుతుంది, టైలు పేరులో అక్షాంశ రేఖాంశాలుంటాయి. అక్షాంశం ఒక కాలమ్‌లో, రేఖాంశం ఇంకో కాలమ్‌లో పెట్టి లింకులు అతికించేవాళ్లది వేరే కష్టం. ఎక్సెల్ 083ని 83 చేసేస్తుంది. మన దేశమంతా 100 డిగ్రీల రేఖాంశానికి ఇవతలే కాబట్టి ప్రతి టైలు పేరులోనూ ఆ సున్నా ఉండాల్సిందే. అది పోతే ప్రతి లింకూ 404 (ఆ ఫైలు లేదు) అంటుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి, లేదా టెక్స్ట్ ఫంక్షన్‌తో మూడంకెలు చేయండి. టైలు పేరు దాని నైరుతి మూలను బట్టి వస్తుంది. విశాఖ నగరం ఎన్17ఈ083లో ఉంది. నర్సీపట్నానికి ఎన్17ఈ082, పాడేరు, అరకులకు ఎన్18ఈ082 కావాలి. అనకాపల్లి ఇంచుమించు 83 గీత మీదే ఉంది, అక్కడ పని చేసేవాళ్లు రెండు పక్కలా తీసుకోవాలి.

సీఎస్‌వీలో కంటికి కనపడని చెత్త రెండు రకాలు. మొదటి లింకు ఒక్కటే ఫెయిలై మిగతావన్నీ దిగితే, ఫైలు మొదట్లో బీఓఎం (కనపడని గుర్తు బైట్లు) ఉందని అర్థం. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకుంటే అది వచ్చి చేరుతుంది. లింకులన్నీ బాగానే కనిపిస్తున్నా కర్ల్ (కమాండ్‌తో ఫైళ్లు దించే ప్రోగ్రాం) తప్పు యూఆర్‌ఎల్ అంటుంటే, ప్రతి వరస చివరా విండోస్ క్యారేజ్ రిటర్న్ (వరస ముగింపు అక్షరం) ఉందేమో చూడండి. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్‌లో బీఓఎం లేని యూటీఎఫ్-8, యునిక్స్ లైన్ ఎండింగ్ పెట్టి సేవ్ చేస్తే రెండూ పోతాయి.

గంపగుత్తగా దించడానికి నా ఓటు ఏరియా2 అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాంకి. లిస్టు ఫైలులో ఒక వరసలో లింకు, దాని కింది వరసలో ఒక స్పేస్ వదిలి అవుట్ ఈక్వల్స్ (out=) అని మీకు కావలసిన పేరు. ఇదెందుకంటే వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న టిఫ్‌లు (మ్యాపు బొమ్మ ఫైళ్లు) చాలా పోర్టళ్లలో ఉంటాయి. కర్ల్ పెద్ద ఓ (-O) ఆప్షన్‌తో దించితే ఒకదాని మీద ఒకటి రాసేసుకుని చివరిదే మిగులుతుంది. ఒకేసారి మూడు ఫైళ్లు చాలు. ఇరవై పెడితే సర్వర్ 429 (మరీ ఎక్కువ అడుగుతున్నారు) కొడుతుంది, ఒక్కోసారి ఆఫీసు ఐపీ మొత్తాన్నీ ఆపేస్తుంది. విండోస్ పాత పవర్‌షెల్‌లో కర్ల్, డబ్ల్యూగెట్ (కర్ల్ లాంటిదే ఇంకోటి) అంటే అసలు కర్ల్, డబ్ల్యూగెట్ కావు, పవర్‌షెల్ సొంత కమాండ్‌కి మారుపేర్లు. కర్ల్ డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టండి.

కర్ల్‌కి చిన్న ఎఫ్ (-f), దారి మళ్లిన లింకు వెంట వెళ్లే పెద్ద ఎల్ (-L) ఆప్షన్లు తప్పనిసరి. ఎఫ్ లేకపోతే 404 పేజీయే టిఫ్ పేరుతో డిస్కులో కూర్చుంటుంది. నాసా డేటా పోర్టల్ ఎర్త్‌డేటా దగ్గర ఒక్కోసారి ఎఫ్ కూడా కాపాడదు. లాగిన్ లేకపోతే అది లాగిన్ పేజీ ఇచ్చి, 200 (అంతా సవ్యం) అనొచ్చు. నెట్ఆర్‌సీ ఫైలులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాసుకోవాలి, కుకీలు దాచుకోమనీ చెప్పాలి. అన్నిటికన్నా దొంగ తప్పు ఇంకోటుంది. ముందు లాగిన్ లేకుండా దించి, తర్వాత లాగిన్ సరిచేసి, డబ్ల్యూగెట్‌ని చిన్న సీ (-c) ఆప్షన్‌తో "ఆగిన చోట నుంచి" నడిపిస్తారు. అది పాత హెచ్‌టీఎంఎల్ ముక్కను అలాగే ఉంచి, దాని వెనకాల టిఫ్‌లో మిగతా భాగం అతికిస్తుంది. సైజు సరిగ్గా సరిపోతుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. కొన్ని కేబీల్లో ఉన్న టిఫ్‌లన్నీ చెరిపేశాకే మళ్లీ మొదలెట్టండి.

తనిఖీకి జీడాల్ మ్యాపు టూళ్లలోని జీడాల్‌ఇన్ఫో ఒట్టిగా నడిపితే చాలదు, హెడర్ (ఫైలు మొదట్లోని వివరాలు) చూసి ఊరుకుంటుంది. సగంలో తెగిన ఫైలు కూడా అందులో పాసైపోవచ్చు. చెక్‌సమ్ (డేటా సరిచూసే లెక్క) ఆప్షన్ పెడితే ప్రతి పిక్సెలూ చదవక తప్పదు, తెగిన చోట ఎర్రర్ బయటపడుతుంది. ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) ఎస్ఆర్‌టీఎం (నాసా ఎత్తుల డేటా) హెచ్‌జీటీ ఫైలు అయితే లెక్క ఇంకా తేలిక: 3601 వరసలు, 3601 నిలువులు, పిక్సెల్‌కి రెండు బైట్లు, మొత్తం 25,934,402. ఒక్క బైటు తేడా ఉన్నా పారేయండి. షేప్‌ఫైలుకి (గీతలు, హద్దుల డేటా) ఎస్‌హెచ్‌పీతో పాటు ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే కూడా దిగాయో లేదో చూసుకోండి. షీటులో ఎస్‌హెచ్‌పీ లింకు ఒక్కటే ఇచ్చే మహానుభావులూ ఉన్నారు.

కైలాసగిరి నుంచి సింహాచలం దాకా కొండల ఎత్తులే కావాలంటే ఫైలు దించడమే దండగ. అమెజాన్ క్లౌడ్‌లో ఉన్న కోపర్నికస్ డెమ్ (యూరప్ వాళ్ల ఎత్తుల డేటా) క్లౌడ్ ఆప్టిమైజ్డ్ టిఫ్, అంటే కావలసిన ముక్కే చదవొచ్చు, లాగిన్ అక్కర్లేదు. జీడాల్ ట్రాన్స్‌లేట్‌కి వీఎస్ఐకర్ల్ (నెట్‌లో ఉన్న ఫైలు) దారి, ప్రోజ్‌విన్‌లో (ముక్క హద్దులు) 83.15 17.85 83.40 17.65 ఇస్తే ఆ ముక్కే వస్తుంది.

షీటు పంపక తప్పదంటే లింకు పక్కన దించాల్సిన పేరు, బైట్లు, చెక్‌సమ్ కాలమ్‌లు పెట్టండి. గడువు తేదీ ఉన్న సంతకపు లింకులు అసలు పెట్టకండి, అవతలివాళ్లు తెరిచేసరికి అవి చచ్చిపోయి ఉంటాయి. ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో ఇస్తే మరీ మంచిది, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసి ఇవ్వండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన మొజాయిక్ (ముక్కలన్నీ కలిపిన మ్యాపు) ఎక్కదు.