ఫోర్ ట్వంటీకి తీరని అన్యాయం

2024 జులై 1న దేశంలో ఒక పెద్ద దొంగతనం జరిగింది. ఎఫ్‌ఐఆర్ మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. 1862 నుంచి అమల్లో ఉన్న చట్టం పోతూ పోతూ మన తిట్టు ఒకటి పట్టుకుపోయింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్నవే 358 సెక్షన్లు. 420 అనే ఇంటి నంబరే లేదు. మోసగాళ్లను తీసుకెళ్లి 318లో, నాలుగో ఉపసెక్షన్‌లో అద్దెకు దించారు. 'ఒరేయ్, మూడు వందల పద్దెనిమిది బ్రాకెట్లో నాలుగూ' అని తిట్టి చూడండి. తిట్టు పూర్తయ్యేలోపు అవతలివాడు బస్సెక్కి వెళ్లిపోతాడు. 302 గతి ఇంకా ఘోరం. ఆ నంబరు ఉంది గానీ అందులో ఇప్పుడు హత్య లేదు, మతపరమైన మనోభావాలను గాయపరచడం ఉంది. హత్య 103కి మారింది. సినిమా ఇన్‌స్పెక్టర్లు డైలాగులు మళ్లీ బట్టీ పట్టాలి.

ఈ విషయంలో నాకు కొంచెం సొంత ప్రయోజనం కూడా ఉంది. మా బావమరిది 2024 జూన్ 30, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చి, భోంచేసి, ఇరవై వేలు పట్టుకెళ్లాడు. 'రెండ్రోజుల్లో సర్దేస్తా బావా' అన్నాడు. ఇంకో మూడు గంటలు ఆగి ఉంటే కొత్త చట్టం కిందికి వచ్చేవాడు. పని జరిగిన రోజు ఏ చట్టం ఉందో దాంతోనే కొలవాలన్నది నేరన్యాయానికి పునాది. ఆ లెక్కన మావాడు అసలుసిసలు ఫోర్ ట్వంటీల ఆఖరి బ్యాచ్. ఇక అలాంటి సరుకు తయారు కాదు.

ఈ మాట గర్వంగా ఓ లాయరుగారితో అంటే ఆయన నీళ్లు చల్లారు. 'మాట తప్పినంత మాత్రాన మోసం కాదండీ. డబ్బు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అది రుజువు చేసే బరువు కూడా మనదే, ముద్దాయిది కాదు.' ఆ రాత్రి వాడి మనసులో ఏముందో నేనెలా చెప్పను? నాకు తెలిసి గుత్తివంకాయ తప్ప ఇంకేం లేదు.

ప్రత్యక్ష సాక్షి ఒక్కరే, మా ఆవిడ. మొదటి నెల నావైపే ఉంది. రెండో పేషీకి ప్లేటు ఫిరాయించింది. 'వాడు అడిగాడో, మీరే ఇచ్చారో నాకు గుర్తు లేదండీ.' దసరాకి వాణ్ణే సూటిగా అడిగాను. పెసరట్టు మడిచి, అల్లప్పచ్చడిలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు తప్ప పెదవి విప్పలేదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదు, రాజ్యాంగం 20వ అధికరణం. సంక్రాంతికి మళ్లీ కదిపితే మా ఆవిడ అడ్డుపడింది. 'ఒకసారి అడిగారు కదా, మళ్లీనా?' ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదు, అదీ 20వ అధికరణమే.

నేరన్యాయ మూల సూత్రాలు పనిచేయడం లేదనే వాళ్లను మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను.

సెల్‌ఫోన్ దొంగకు మాత్రం వేరే మర్యాదలుంటాయి. ముఖానికి ముసుగు, వెనక బ్యానరు, బల్లమీద వరసగా పేర్చిన ఫోన్లు. అధికారులు కూర్చుంటారు, వాడు నిలబడతాడు. 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అని మర్నాడు పేపర్లో వస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని చట్టంలో ఉంది. అయితే అది కోర్టుకి, పేపరుకి కాదు. ఆ శైలి ఏమిటో ఏ సెక్షన్‌లోనూ రాయలేదు. బెయిలే నియమం, జైలు మినహాయింపు అని సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1977లోనే అన్నారు. ఇవాళ మన జైళ్లలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు, కేసు ఇంకా తేలని విచారణ ఖైదీలే. వాళ్లకు గుత్తివంకాయ వండే అక్కలు లేరు కాబోలు.

చేబదులుకి మూడేళ్లలోపు సివిల్ దావా వేసుకోవచ్చన్నారు లాయరుగారు. అంటే 2027 జూన్ 30 దాకా. ఇది మావాడికి ముందే తెలిసినట్టుంది. డబ్బు సంగతి మెసేజ్ పెడితే రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతాడు, అక్షరం ముక్క రాయడు. రాస్తే అప్పు ఒప్పుకున్నట్టే కదా.

మొన్న ఆదివారం మళ్లీ వచ్చాడు. 'ఇంకో పదివేలుంటే చూడండి బావా, రెండ్రోజుల్లో...'

'ఆలోచించుకో. ఈసారి 318, బ్రాకెట్లో 4' అన్నాను గంభీరంగా.

వాడు వంటింటి వైపు తిరిగాడు. 'అక్కా, బావ ఏదో నంబరు చెప్తున్నారు. ఓటీపీయేనా?'