ఊపిరి ఊదితే ముక్కు గుట్టు తెలుస్తుందా?

పిల్లవాడు నెలల తరబడి తుమ్ముతూనే ఉంటాడు. ముక్కు దిబ్బడతో నోరు తెరుచుకుని నిద్రపోతాడు, అరచేత్తో ముక్కును కిందినుంచి పైకి రుద్దుకుంటాడు, కళ్ల కింద నలుపు తేలుతుంది. పెద్దలేమో జలుబు తత్వమని సరిపెట్టుకుంటారు. ఇది అలర్జీయేనని తేల్చడానికి వైద్యులకు ఉన్న దారులు ప్రధానంగా మూడు: లక్షణాలను ఓపిగ్గా అడిగి తెలుసుకోవడం, చర్మాన్ని గుచ్చి అలర్జీ కారకాలకు స్పందన చూసే స్కిన్ ప్రిక్ పరీక్ష, అలర్జీలో పెరిగే ఐజీఈ అనే యాంటీబాడీని రక్తంలో చూసే పరీక్ష. చివరి రెండింట్లో సూదిపోటు తప్పదు. పైగా స్కిన్ ప్రిక్ చేయాలంటే తుమ్ములను అణచే యాంటీహిస్టమిన్ మందులను కొన్ని రోజుల ముందే ఆపాలి. ఆపితే తుమ్ములు మళ్లీ మొదలు. కాబట్టి ముక్కు అలర్జీని పట్టుకోవడానికి యంత్రంలోకి ఓసారి ఊదితే చాలు, నిమిషాల్లో అంకె వచ్చేస్తుందంటే తల్లిదండ్రులకు ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను కొట్టిపారేయనక్కర్లేదు గానీ, ఆ యంత్రం దేన్ని కొలుస్తోందో ముందు తెలియాలి.

అది కొలిచేది నైట్రిక్ ఆక్సైడ్‌ను. మనిషి వదిలే గాలిలో ఈ వాయువు ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 1991లో చూపారు. ఆస్తమా ఉన్నవారిలో అది ఎక్కువని మరో రెండేళ్లకే వెల్లడైంది. అలర్జీ తరహా వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రోగనిరోధక వ్యవస్థ సంకేత ప్రోటీన్ల ప్రేరణతో శ్వాసనాళాల లోపలి పొర ఈ వాయువును ఎక్కువగా తయారు చేస్తుంది. దీన్ని పీపీబీల్లో, అంటే వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్కలో చెబుతారు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల్లో 20 లోపు ఉంటే తక్కువ, 35 దాటితే ఎక్కువ. ఈ హద్దులు శ్వాసనాళాల వాపును చూసి గీసినవి, ముక్కు కోసం గీసినవి కావు.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఏ జబ్బూ లేనివారి సైనస్‌లలో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో కూడా నైట్రిక్ ఆక్సైడ్ పెద్ద మొత్తంలో తయారవుతుంది. ముక్కులోని గాలిలో అది వందల పీపీబీలకు చేరుతుంది. ఆ గాలి కలిసిందంటే ఊపిరితిత్తుల లెక్క తప్పిపోతుంది. అందుకే కాస్త ఒత్తిడికి ఎదురుగా, సెకనుకు 50 మిల్లీలీటర్ల నిలకడతో నోటితో ఊదిస్తారు. అలా ఊదేటప్పుడు అంగిలి వెనకభాగం లేచి ముక్కుదారిని మూసేస్తుంది. ముక్కు గాలిని పనిగట్టుకుని తప్పించే పరీక్షనే ముక్కు అలర్జీకి వాడబోతున్నామన్నమాట!

పోనీ, నేరుగా ముక్కులోనే కొలిస్తే? ఆ పద్ధతీ ఉంది. కానీ అలర్జీ వల్ల పెరగాల్సిన అంకె, వాపుతో సైనస్ రంధ్రాలు మూసుకుపోతే తగ్గిపోతుంది. ఒకే జబ్బు ఒక పిల్లలో ఎక్కువగా, మరో పిల్లలో తక్కువగా కనిపించవచ్చు. ముక్కు కొలత గట్టిగా అక్కరకొచ్చేది వేరేచోట: శ్వాసమార్గాల్లోని సూక్ష్మ రోమాలు పుట్టుకతోనే సరిగా పనిచేయని అరుదైన జబ్బులో అది బాగా పడిపోతుంది. పుట్టిన నాటినుంచీ ముక్కు కారుతూనే ఉన్న బిడ్డ విషయంలో ఆ ఆచూకీ చిన్నదేమీ కాదు.

అలాగని నోటి ఊపిరి పరీక్షను పక్కన పెట్టమనడం మా ఉద్దేశం కాదు. ముక్కు, శ్వాసనాళాలు ఒకే దారిలోవి. ఆస్తమా లేని ముక్కు అలర్జీ పిల్లల్లో కూడా ఈ అంకె పెరిగి కనిపిస్తుంటుంది. తుమ్ముల కోసం తెచ్చిన పిల్లకు 35 దాటిందంటే, రాత్రి దగ్గు ఉందా, పరుగెత్తితే పిల్లికూతలు వస్తున్నాయా అని అడగాలి, ఊపిరితిత్తుల పనితీరును చూడాలి. ముక్కు చికిత్సకు వచ్చినప్పుడే దాగి ఉన్న ఆస్తమా దొరికితే అది గొప్ప మేలు. మా దృష్టిలో ఈ పరీక్ష అసలు విలువ ఇదే. అలర్జీకి కారణం దుమ్ము పురుగులా, పుప్పొడా, పిల్లి నూగా అన్నది మాత్రం ఊపిరి చెప్పదు. అంకె తక్కువగా వచ్చినంత మాత్రాన అలర్జీ లేదనడానికీ వీల్లేదు.

అంకెను తారుమారు చేసేవీ తక్కువేం కాదు. నైట్రేట్లు ఎక్కువగా ఉండే ఆకుకూరలు, బీట్‌రూట్ తిన్నా, వైరస్ జలుబు సోకినా పెరుగుతుంది. పీల్చే స్టెరాయిడ్ మందులతో తగ్గుతుంది. వయసును, ఎత్తును బట్టి కూడా మారుతుంది. పన్నెండేళ్లలోపు వారు కనీసం నాలుగు సెకన్లు ఒకే తీరుగా ఊదాలి. మరీ చిన్నపిల్లలతో అది సాధ్యమయ్యే పని కాదు. నిర్ధారణ అన్నిటికన్నా కష్టమయ్యేది ఆ వయసులోనే.

కాబట్టి పీపీబీ అంకె ఒక్కటే అచ్చువేసిన రిపోర్టు చేతికిచ్చి పంపడం సరికాదు. పిల్లలు ఏ మందులు వాడుతున్నారు, ఇటీవల జలుబు చేసిందా, ఎలా ఊదారు అన్నవి అదే కాగితం మీద ఉండాలి. పరిశోధకులు కూడా అలర్జీ పిల్లలను ఆరోగ్యవంతులతో పోల్చి ఊరుకుంటే చాలదు. వైద్యుడి ముందు కూర్చునే పిల్లలంతా ముక్కు కారుతున్నవారే. వారిలో అలర్జీ ఉన్నవారెవరో, లేనివారెవరో విడదీయడంలో ఈ పరీక్ష, ఓపిగ్గా అడిగిన నాలుగు ప్రశ్నల కన్నా అదనంగా ఏం తేలుస్తుందో చూపించాలి. అది తేలేదాకా స్కిన్ ప్రిక్‌కు, ఐజీఈకి బదులుగా దీన్ని ప్రచారం చేయడం మానుకోవాలి.